ఒక్క జతతో కొండలన్నీ తిరగాలంటే

పెళ్లికి ఒక జత, ఆఫీసుకి ఒక జత, జిమ్‌కి ఇంకో జత. ఇన్‌స్టాలో బూట్ల రీల్స్ చూస్తే లోకమంతా ఇలాగే బతుకుతోందేమో అనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం మనిషికి ఒక్క జతే. అందుకే కొనే ముందు గట్టిగా ఆలోచిస్తాం. తెగేదాకా దాంతోనే కదా కాపురం!

ఈమధ్య ఇదే ప్రశ్న నాకు డెన్వర్ నుంచి వచ్చింది. మా చిన్నాన్న కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. చలికాలంలో శనాదివారాలు స్నేహితులతో లవ్‌ల్యాండ్, కీస్టోన్ కొండలకి స్కీయింగ్‌కి పోతాడు. ఇన్నాళ్లూ స్కీలు అద్దెకి తీసుకున్నాడు. ఇప్పుడు సొంతంగా కొనాలంట. మూడు ఫొటోలు పంపి, ‘‘అక్కా, నువ్వు కూడా కొండల్లోనే తిరుగుతావు కదా, ఏది కొనాలో చెప్పు’’ అన్నాడు. వాడు ఎగతాళికే అడిగాడు. నేను మాత్రం సీరియస్‌గానే తీసుకున్నా.

అమ్ములపొదిలో ఒకే బాణం

స్కీ చేసేవాళ్లు తమ దగ్గరున్న జతలన్నిటినీ కలిపి ‘క్వివర్’ అంటారు. అంటే అమ్ములపొది. గట్టి మంచుకి ఒక బాణం, మెత్తటి మంచుకి ఇంకోటి. డబ్బు, ఇంట్లో చోటు ఉన్నవాళ్లకి అది బాగానే ఉంటుంది. మిగతావాళ్లు వెతికేది అన్నింటికీ పనికొచ్చే ఒకే ఒక్క బాణం.

మంచు అంతా ఒకటే అనుకునేదాన్ని. కాదంట. రాత్రి మెషిన్లతో చదును చేసిన దారి పొద్దున్నే రాయిలా ఉంటుంది. కొత్తగా మంచు పడితే మోకాలిదాకా దిగిపోతుంది. వసంతం వస్తే మధ్యాహ్నానికి అదే మంచు జావలా మారిపోతుంది. ఒక్క రోజులో ఒకే కొండ మీద ఈ మూడూ ఎదురు కావచ్చు.

స్కీ నడుము వెడల్పుని మిల్లీమీటర్లలో చెబుతారు. 80ల్లో ఉండే సన్నవి గట్టి మంచుని బాగా పట్టుకుంటాయి, చకచకా మలుపు తిరుగుతాయి. 105 దాటిన వెడల్పువి మెత్తటి మంచు మీద తేలతాయి, గట్టి దారి మీద మాత్రం బద్ధకంగా తిరుగుతాయి. 90ల్లో ఉండేవి మధ్యరకం. దేంట్లోనూ ఫస్ట్ రావు, దేంట్లోనూ ఫెయిల్ కావు.

ఆకారం కూడా చూడాలి. పాదం కింద విల్లులా కొంచెం పైకి లేచి ఉంటే అంచులు మంచుని పట్టుకుంటాయి. ముందు కొస పైకి వంగి ఉంటే మెత్తటి మంచులో కూరుకుపోదు. రెండూ కలిసినవే రోజువారీకి నయం. పొడవు సుమారుగా గడ్డం నుంచి నుదురు దాకా. కొత్తగా నేర్చుకునేవాళ్లు గడ్డం వైపు, ఆరితేరినవాళ్లు నుదురు వైపు.

నా కొండలు వేరే

నేను బిందుసేద్యం పరికరాలు అమ్మే కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంట్‌ని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నావే. స్కూటీ వెళ్లినంత దూరం స్కూటీ, ఆ తర్వాత నడకే.

ఈ దారిలో నేల ఎన్ని రకాలో! మదనపల్లె టమోటా మార్కెట్‌లో తెల్లారుజామున చితికిన పండ్ల మీద అడుగేస్తే జర్రుమని జారుతుంది. తోటలోకి దిగితే ఎర్రమట్టి. వాన పడిందంటే ఒక్కో బూటుకి అరకిలో బురద అంటుకుంటుంది. హార్స్‌లీ హిల్స్ కింది ఊళ్లలో నున్నటి బండలు, వాటి మీద గులకరాళ్లు. మా జేజి దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనే పిలిచేది. హార్స్‌లీ అనే దొర కలెక్టర్‌గా ఉన్నప్పుడు అక్కడ బంగళా కట్టుకున్నాడు, ఆయన పేరే ఉండిపోయింది. పుంగనూరు చేలగట్ల మీద తుమ్మ ముళ్లు. కుప్పం వైపు పోతే గ్రానైట్ క్వారీల పక్కన కత్తుల్లాంటి రాతిపెచ్చులు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష రైతు ఇంటి గడప. రోజుకి పది ఇళ్లకి పోతే పదిసార్లు విప్పాలి, పదిసార్లు వేసుకోవాలి. చీలమండ దాకా లేసులుండే ట్రెక్కింగ్ బూట్లు యూట్యూబ్‌లో అందరికీ నచ్చుతాయి. మూడో ఇంటికి పోయేసరికి అవి శత్రువులు అవుతాయి. ఆ యూట్యూబర్లు ఎవరూ మన గడపల లెక్క వేయరు.

శిఖరం రోజు కాదు, మామూలు రోజు

మలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అంత ఎత్తులో చలికి తట్టుకోవాలంటే లోపల ఒక పొర, బయట ఒక పొర ఉండే బరువైన బూట్లు వేసుకోవాల్సిందే. అవే బూట్లతో ఆమె మొదట శిక్షణ తీసుకున్న భువనగిరి బండ ఎక్కమంటే ఎవరికైనా కష్టమే. ఎక్కడి జత అక్కడిదే.

కొనేటప్పుడు మన కళ్ల ముందు కనబడేది మాత్రం ఎప్పుడూ శిఖరం రోజే. జోరువాన, ఎత్తైన కొండ, ఒక అదిరిపోయే ఫొటో. ఏడాదిలో అలాంటి రోజులు నాలుగు ఉంటాయేమో. మిగతా రోజుల సంగతేంటి?

మా తమ్ముడికి అదే చెప్పా: ‘‘పోయిన సీజన్‌లో ఎన్ని రోజులు పోయినావు, ఏ రోజు మంచు ఎట్లుండిందో రాయి.’’ వాడు రాశాడు. పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు చదును చేసిన దారే. కొత్త మంచు దొరికింది రెండు రోజులు. ఒక రోజు జావ. వాడు మనసు పారేసుకున్నది మాత్రం 108 మిల్లీమీటర్ల జత మీద! లెక్క చూసుకుని 92కి వచ్చాడు. స్కీల కంటే ముందు కాలికి సరిగ్గా పట్టే బూట్లు కొనుక్కోమని అక్కడి సీనియర్లు చెప్పారంట. ఆ మాట నాకు భలే నచ్చింది. కాలు బాగుంటేనే కదా కొండ!

నేను కూడా నా పది రోజుల లెక్క రాసుకున్నా. ఐదు రోజులు పొడి మట్టి, మూడు రోజులు రాయి, రెండు రోజులు బురద. వాటర్‌ప్రూఫ్ వద్దనుకున్నా. మన ఎండకి లోపలంతా చెమట, పైనుంచి నీళ్లు పోతే ఒక పట్టాన ఆరదు. జాలీ గుడ్డదైతే తడిసినా తొందరగా ఆరుతుంది. అడుగున పళ్లు నాలుగు మిల్లీమీటర్లు చాలు, మరీ లోతైతే బురదని మోసుకు తిరుగుతాయి. అడుగు వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా ఉండకూడదు, తుమ్మ ముల్లు నేరుగా వచ్చేస్తుంది. సాయంత్రం పూటే వేసి చూడాలి, అప్పటికి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోరు నల్లబడుతుంది. లేసు ముడి విప్పకుండానే కాలు జారిపోయేంత వదులుగా మెడ ఉండాలి. ఇది గడప కోసం.

పుంగనూరు ఆవు గుర్తొచ్చింది నాకు. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, పాలు బిందెలు నింపవు. కానీ కరువులో ఎండుగడ్డి తిని నిలబడుతుంది. మన నేలకి తగ్గ జత అంటే అట్లాంటిదే.

నాయన కాలు

నా జత ఎంచుకోవడం తేలికే. కష్టమైంది మా నాయనది.

ఆయన టమోటా మార్కెట్‌లో హమాలీ. పదేళ్లుగా షుగర్ ఉంది. కాళ్లకి హవాయి చెప్పులు, అవి కూడా సగం రోజు మూలన ఉంటాయి. పోయిన ఏడాది ఒక సాయంత్రం ఇంట్లో నేల మీద రక్తపు మరకలు కనబడ్డాయి. చూస్తే చెప్పులోంచి మేకు దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు. ‘‘నాకేం నొప్పి లేదు మే’’ అన్నాడు. ఆ మాటకే నాకు భయమేసింది.

డాక్టరు వివరంగా చెప్పారు. షుగర్ చాలాకాలం ఉంటే పాదంలో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. నొప్పి అనేది ఒక కాపలాదారు, ఆ కాపలా లేకుండా పోతుంది. రక్తం సరిగ్గా అందక పుండు మానదు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే వేలు తీయాల్సి వచ్చేదన్నారు. ఆరు వారాలు కట్టు కట్టించుకున్నాం. ఆరు వారాలు కూలి లేదు.

ఆయనకి ఒక్క జత కొనాలి. మార్కెట్ తడిలో జారకూడదు, మేకు దిగకూడదు, లోపల ఎక్కడా రాసుకోకూడదు, మాటిమాటికీ విప్పి వేసుకోవడానికి వీలుండాలి. డాక్టరు చెప్పినట్టు మెత్తటి ఎంసీఆర్ పొర, దాని కింద గట్టి రబ్బరు అడుగు, వెనక పట్టీ, వెల్క్రో ఉన్న చెప్పులు తీసుకున్నాం. వేళ్ల మధ్య కొక్కెం లేనివి. చూడ్డానికి అందంగా లేవు. ‘‘ముసలోళ్ల చెప్పులు’’ అని రెండు రోజులు అలిగాడు. నా బూట్ల కోసం దాచుకున్న డబ్బులోంచే ముందు అవి కొన్నా. నావి తర్వాతి జీతానికి వచ్చాయి.

జత ఒక్కటే సరిపోదు, అలవాటు కూడా కావాలి. వేసుకునే ముందు చెప్పు తలకిందులు చేసి దులపాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. వంగలేనివాళ్లు కింద అద్దం పెట్టుకోవచ్చు, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకోవచ్చు. మా ఇంట్లో ఆ ఫొటో డ్యూటీ మా చెల్లిది.

మీ ఇంట్లో కూడా షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే, ఈ రాత్రి వాళ్ల అరికాళ్లు ఒకసారి చూడండి. మీ కొత్త బూట్లు కార్ట్‌లో ఒక రోజు ఆగినా ఏమీ కాదు.