బొకేకి కొట్టిన నా విజిటింగ్ కార్డు

మా ఖనిలో పూల కొట్లకి అసలు సీజన్ దసరా కాదు, నెలాఖరు. నమ్మకపోతే ఏ నెలైనా ఆఖరి తారీఖు పొద్దున గోదావరిఖని చౌరస్తా వైపు వచ్చి చూడండి. బంతి దండలు తాళ్లలా వేలాడుతుంటాయి. సింగరేణిలో వయసు నిండినవాళ్లు ఆ రోజే దిగిపోతారు మరి. ఇదివరకు 60 ఏళ్లకి, 2021 నుంచి 61కి. బాయి ఆఫీసు ముందు కుర్చీలేసి, శాలువా కప్పి, దండలేసి సాగనంపుతారు. కొందరికైతే బ్యాండు కూడా.

ఇక్కడే పుట్టి పెరిగి ఇదంతా చూసి కూడా, నేను వ్యాపారంలోకి దిగినప్పుడు పూలు తప్పు తారీఖున కొన్నాను. జనవరి 1న.

నాది మోటార్ల రివైండింగ్ షాపు. ఇంట్లో బోరు మోటార్ల నుంచి కాంట్రాక్టర్ల పంపుల దాకా చేస్తాం. ఈ బెల్టులో ఎవరి బతుకైనా తిరిగి తిరిగి బొగ్గు దగ్గరికే వస్తుంది: బాయిలు, ఓపెన్‌కాస్ట్‌లు, పక్కనే ఎన్టీపీసీ, వాటి చుట్టూ చిన్నాపెద్దా కాంట్రాక్టర్లు. ఎవరికో ఒకరికి మనం గుర్తుంటేనే కాలిన మోటారు మన షాపు ముందు దిగుతుంది. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి, గుర్తుండాలంటే బొకే ఇవ్వాలని డిసైడైపోయా.

450 రూపాయలు. జెర్బెరాలు, మెరుపు కాగితం, పైన నా విజిటింగ్ కార్డు, అదీ రెండు పిన్నులు కొట్టించి మరీ. ఓ పెద్ద ఆఫీసులో (పేరెందుకులెండి) ముప్పావుగంట లైన్లో నిలబడ్డా. సారు బొకే తీసుకున్నారు, ఫొటో దిగారు, పక్కనున్న అటెండర్ చేతికిచ్చేశారు. మొత్తం నాలుగు సెకన్లు. నా మొహం చూశారంటే నేనే నమ్మను.

సాయంత్రం పనిమీద అటే పోతే ఆఫీసు వెనక గోడ పక్కన బొకేల కుప్ప. ఒక మేక నా జెర్బెరాలు నములుతోంది. కార్డు మాత్రం వదిలేసింది. షాపు పేరు, ఫోన్ నెంబరుతో సహా మట్టిలో పడి ఉంది.

పూల కొట్టు అక్కకి చెప్తే పడీపడీ నవ్వింది. "తమ్మీ, గా సారుకు గియ్యాల యాభై బొకేలు పోయినయ్. గండ్ల నీది ఏదో ఆయనకెట్ల ఎరుక? నాకు పైసలొస్తయని నేను జెప్పలే."

అలా చూస్తే పెద్దవాళ్లే బొకేలతో విసిగిపోయారు. ప్రధాని పర్యటనకొచ్చినప్పుడు బొకేలు ఇవ్వొద్దు, ఇస్తే ఒక్క పువ్వుతోపాటు ఖాదీ చేతిరుమాలో పుస్తకమో చాలని 2017లో కేంద్ర హోంశాఖే రాష్ట్రాలకి చెప్పింది. కొత్త సంవత్సరం రాగానే మన దగ్గర కలెక్టర్లు కూడా బొకేలు వద్దు, పిల్లలకి నోటుబుక్కులు తెండి అనడం చూస్తూనే ఉన్నాం.

మరి పూలు దండగేనా అంటే, నాకు మా నాన్న దిగిపోయిన రోజు గుర్తొస్తుంది. నాన్న తట్టా చెమ్మస్ పట్టినోడు. ఆ రోజు మెడలో ఎన్ని దండలు పడ్డాయో లెక్కలేదు. అన్నీ యూనియన్‌వి, తోటి కార్మికులవి. రాత్రి ఎనిమిదింటికి మాత్రం మా గల్లీ వెల్డింగ్ షాపాయన ఒక్కడే బంతి దండ పట్టుకుని ఇంటికొచ్చాడు. మా గేటు చేసింది ఆయనే, అంతకు మించి పరిచయం లేదు. ఆ దండ ఎండి గలగలలాడేదాకా మా అమ్మ మేకు నుంచి తియ్యలేదు. ఆ తర్వాత ఎవరికి గేటు కావాలన్నా, గ్రిల్లు కావాలన్నా నాన్న నోట ఒకటే మాట: "ఆయన దగ్గరికి పో."

ఇది గుర్తున్నా, అసలు పరీక్ష వచ్చినప్పుడు నేను వెనకాడాను. నా బిల్లులు చూసే ఒక స్టోర్ సారు ఉండేవారు. ఒక్క అంకె తేడా ఉన్నా కాగితం వెనక్కే. దసరాకి స్వీట్ డబ్బా తీసుకుపోతే ముట్టుకోలేదు, "విజిలెన్సోళ్లకు ఇద్దరం జవాబు చెప్పాలె" అన్నారు. ఆయన రిటైరవుతున్నారని తెలిసింది. రేపటినుంచి ఆయన సంతకంతో నాకు పనిలేదు. దండ 300. వ్యాపారం బుర్ర లెక్కలేసింది: ఎందుకు దండగ?

ఆ లెక్క నాకే సిగ్గనిపించి, సాయంత్రం ఇంటికే పోయా. అక్క బంతి దండే ఇచ్చింది. మా రామగుండం ఎండకి జెర్బెరా గంటలో తల వాలుస్తుంది, గులాబీ దండ మెడలో పడేలోపే రేకలు రాలుస్తుంది, బంతి మాత్రం రెండో రోజుకీ నిలబడుతుందట.

సారు తలుపు తీసి నన్నూ దండనీ చూశారు. "నీ బిల్లు ఇంక నా దగ్గర లేదు గదా, ఎందుకొచ్చినవ్?"

"మీరు ఆపిన బిల్లులన్నిట్ల తప్పు నాదే ఉండె సార్" అన్నా. నిజంగా అంతే. ఆయన వల్లే నేను బిల్లు రాయడం నేర్చుకున్నా. దండ వేయించుకున్నారు, చాయ్ తాగించారు. స్వీట్ డబ్బాని వద్దన్న మనిషి పూలని వద్దనలేదు.

నాలుగు నెలల తర్వాత ఆయన అల్లుడు వచ్చాడు. వాటర్ ప్లాంటు నడుపుతాడు. రెండు మోటార్లు తెచ్చాడు, ఇప్పటికీ మా దగ్గరికే తెస్తాడు. అన్నిసార్లూ ఇలా జరుగుతుందని చెప్పను. నేను దండ వేసినవాళ్లలో సగం మంది మళ్లీ కనబడనే లేదు. ఒకాయన దండ వేయించుకుని, పాత బాకీ సంగతెత్తితే మాట మార్చాడు కూడా.

ఇప్పుడు నా ఫోన్ క్యాలెండర్లో పుట్టినరోజులకంటే రిటైర్మెంట్ తారీఖులే ఎక్కువ. ఈ నెల ఇద్దరు. ఒకాయన పంప్ ఆపరేటర్, ఇంకొకాయన ఎలక్ట్రీషియన్. నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేసి రెండు బంతి దండలు చెప్పా.

"కార్డు పిన్ను కొట్టాల్నా?" అంది, ఆ మేకని గుర్తుచేసుకుని నవ్వుతూ.

"వద్దక్కా, నేనే పోతున్నా."