మీరేమిట్లు?

మేము నేతకానోళ్ళం. షెడ్యూల్డు కులాల జాబితాల ఉన్న నేత కులం మాది. గోదావరి ఒడ్డు పొంటి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలల్ల మావోళ్ళు ఎక్కువ. ఈ మాట ఇట్ల మొదటి వాక్యంలనే రాయడానికి నాకు చానా ఏండ్లు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్త.

మా తాత గుంట మగ్గం మీద ముతక బట్ట నేసేటోడు. కండె మార్చినప్పుడల్లా నాడె కన్నానికి నోరు పెట్టి దారం గుంజేటోడు. ఆ బట్టనే ఊరంత కట్టేది. అయితే దొర గడీలకు పోయిన బట్ట మీద మాత్రం ముందుగాల నీళ్ళు చల్లేటోళ్ళు. తాత వాకిట్ల బట్ట పెట్టి ఎనకకు జరిగేటోడు. నీళ్ళు చల్లినంక జీతగాడు తీసుకపోయేటోడు. పైసలు దూరం నుంచి ఏసేటోళ్ళు. నేసిన చెయ్యి అంటు, నేసిన బట్ట మాత్రం ఒక చెంబెడు నీళ్ళతోని శుద్ధి!

మిల్లు బట్ట అగ్గువకు వచ్చినంక మా ముతక బట్టను అడిగేటోడు లేడు. మగ్గం గుంటల కోళ్ళు పండుకునేవి. మా నాయిన 1960లల్ల హైదరాబాద్ వచ్చి ఒక బట్టల మిల్లుల చేరిండు. మిల్లులు ఈ నగరానికి కొత్త కాదు. దివాన్ బహద్దూర్ రామ్‌గోపాల్ మిల్లు 1920ల పుట్టింది. వరంగల్ల ఆజంజాహి మిల్లు 1934ల నిజాం పెట్టిచ్చిండు. పల్లెల మగ్గం పోయినోళ్ళకు మిల్లు గేటే దిక్కయింది.

నాయినకు పుట్టినకాడికెళ్ళి మగ్గం తెలుసు. సాంచాల ఖాతాల ఏస్తరనుకున్నడు. దూది దులిపే కాడ ఏసిన్రు. ముక్కుల, చెవులల్ల, కంటి రెప్పల మీద దూది. "నాకు నేత వచ్చు సార్" అని మేస్త్రిని అడిగితే, "నీకు గక్కడ జాగ లేదు" అని నవ్విండట. ఆ నవ్వు సంగతి నాయినకు సమజు కాలేదు. ఇరవై ఏండ్లు దూది కాడనే ఉన్నడు.

నాకు సమజయింది డిగ్రీల ఉన్నప్పుడు, అంబేద్కర్‌ను చదివినంక. బొంబాయి మిల్లులల్ల అంటరానోళ్ళను నేత ఖాతాలకు రానియ్యకపోయేది. దారం తెగినప్పుడు నాడెకు నోరు పెట్టి గుంజాలె. ఒకరు నోరు పెట్టిన నాడెకు ఇంకొకరు నోరు పెట్టాలె. మావోళ్ళ ఎంగిలి మిగిలిన కార్మికులకు పనికిరాదు. 1928ల బొంబాయి మిల్లుల సమ్మె నాడు అంబేద్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముంగట పెట్టిండు. ఎర్రజెండా కింద నిలబడ్డోళ్ళ నోట్లె గూడ కులం ఉంటదని నాకు అప్పుడు తెలిసింది. ఈ సంగతి నాయినకు చదివి వినిపిస్తే ఒక్క మాట మాట్లాడలేదు. బీడీ ముట్టిచ్చుకొని బయటకు పోయిండు.

1990లల్ల మా నాయిన మిల్లుకు తాళం పడ్డది. రావలసిన పైసలు సగం గూడ చేతికి రాలేదు. అమ్మా నాయిన ఊరికి పోయిన్రు. నేను నగరంలనే ఉండి పంజాగుట్టల ఒక చీరల దుకాణంల చేరిన. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాక నిలబడాలె. కూసునుడు లేదు. మడత ఇప్పుడు, మడత పెట్టుడు. చీర అంచు రెండు వేళ్ళ నడుమ పెట్టి రుద్దితే నూలెంతో, కలిపిందెంతో చెప్పేటోణ్ణి. షావుకారు మెచ్చుకునేటోడు. అది తాత చెయ్యి అని చెప్పలేదు.

అప్పుడే అమీర్‌పేట మారుతుండె. కింద బట్టల దుకాణాలు, పైన కంప్యూటర్ బోర్డులు. మైత్రివనం చుట్టుపక్కల గోడ కనబడకుండ కాగితాలు: సి, కోబాల్, ఒరాకిల్, జావా. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖు తప్పుతయట, సరిచేసెటోళ్ళు అమెరికాకు కావాలట. 1998ల సైబర్ టవర్స్ తెరిచినంక పొలాలమ్మి, పుస్తెలమ్మి పిల్లలను తోలిన్రు. మా అమ్మకు పుస్తెలు తప్ప బంగారం లేదు. కాళ్ళ కడియాలు అమ్మి పంపింది. పొద్దున ఆరు గంటల బ్యాచిల చేరిన. నాలుగో అంతస్తు, రేకుల కప్పు, ఒక్క గదిల నూరు మంది. బట్ట గజానికింత అన్నట్టే చదువు గూడ కోర్సుకింత.

దుకాణానికి, క్లాసుకు దగ్గర గది కావాలె. ఇంటాయన అడిగిండు: "మీరేమిట్లు?" ఆ మాట నాకు కొత్త. ఊరు అడుగుతున్నడేమో అనుకున్న. పక్కన దోస్తు చెవుల చెప్పిండు, కులం అడుగుతున్నడని.

నా నోట్లకెళ్ళి తన్నుకొని వచ్చింది: "పద్మశాలోళ్ళం సార్."

అబద్ధం. కానీ నాకు మగ్గం తెలుసు. పడుగు, పేక, ఆసు, కండె, గంజి, ఏది అడిగినా చెప్తుంటి. ఆయన నమ్మిండు. తొమ్మిది నెలలు పద్మశాలి పిల్లగాన్నయిన. పండుగ నాడు వాళ్ళింట్ల బువ్వ తిన్న. మెతుకు మెతుక్కు భయమయ్యేది.

ఒకనాడు నాయిన వచ్చిండు, చేతి సంచిల పల్లికాయ తీసుకొని. నేను క్లాసుల ఉన్న. ఇంటాయన కుర్సీ ఏసి కూసోబెట్టి మాటల మీద మాట అడిగిండట. "నేతకానోళ్ళం సార్, ఎస్సీలం" అని నాయిన ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. నేను వచ్చేసరికి నాయిన మెట్ల మీద కూసున్నడు. కుర్సీ తడిసి వాకిట్ల ఉన్నది. తాత బట్ట మీద చల్లిన నీళ్ళు అమీర్‌పేటల మా నాయిన కూసున్న కుర్సీ మీద పడ్డయి.

రెండు రోజులల్ల ఖాళీ చెయ్యిమన్నరు. నాయిన నన్ను తిట్టలేదు. "నేత వచ్చుడు మనకు సిగ్గు కాదు బిడ్డా. మనది కాని పేరు చెప్పుకునుడు సిగ్గు" అన్నడు. ఆ మాట నన్ను కొట్టినదానికంటె ఎక్కువ.

సదువొస్తే కులం పోతదని చెప్పినోళ్ళు ఉన్నరు. ఈ నగరంల మావోళ్ళకు బడి అంటె ఏందో చూపిచ్చినోడు భాగ్యరెడ్డి వర్మ. 1910 ప్రాంతంల ఇసామియా బజారు దిక్కు ఆది హిందువుల పిల్లలకు బడులు పెట్టిండు. ఆ బడులు అమ్మే బడులు కావు. అమీర్‌పేట చదువు సరుకు. సరుకు కొన్నంక ఉద్యోగం అడుగుతే ప్రైవేటు కంపెనీల రిజర్వేషను లేదు. మిల్లుల మా నాయినను దూది కాడ పెట్టినా, గేటు మూస్తే జెండా పాతి కూసునేటందుకు సంఘం ఉండె. 2001ల సాఫ్ట్‌వేర్ దెబ్బతిన్ననాడు మా బ్యాచి పిల్లలు పెట్టెలు సర్దుకొని సప్పుడు లేకుంట బస్సెక్కిన్రు. ఏ మెట్ల కాడ జెండా పాతాలె? ఆ మరుసటేడు ఆజంజాహి మిల్లు గూడ మూతపడ్డది. అటు మిల్లు పోయె, ఇటు కంప్యూటరూ అందకపాయె. నాకు బువ్వ పెట్టింది సర్కారు బడి, రిజర్వేషన్ల వచ్చిన టీచరు కొలువు.

2019 ఏప్రిల్ల పంజాగుట్ట చౌరస్తాల పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని పీకి చెత్త బండిల తీసుకపోయిన్రు. చీరలు మడత పెట్టిన రోడ్డు మీదనే నిలబడి ఏడ్చిన. అటెంక 2023ల అదే పంజాగుట్టల విగ్రహం నిలబడ్డది. నిలబెట్టిచ్చింది అడిగిన నోళ్ళే.

మొన్న మా బిడ్డ అమీర్‌పేటల గది చూసుకుంటున్నది. ఇప్పుడు కింద మెట్రో జంక్షను, ఆన్‌లైన్ క్లాసులు వచ్చి గోడ మీద కాగితాలు తగ్గినయి. ప్రశ్న తగ్గలేదు. "వెజ్జా, నాన్‌వెజ్జా?" అని మొదలు పెట్టి "ఇంటి పేరేంది?" కాడికి వస్తున్నరట. ఫోన్ చేసింది: "నాయినా, ఏం చెప్పాలె?"

"మీ తాత చెప్పిందే చెప్పు" అన్న.

రెండిండ్లు తప్పినయి. మూడో ఇంట్ల దొరికింది.