గీత దాకా ఆయిలు

1994 క్రిస్మసు మరునాటి సాయంత్రం మేమిద్దరం, మా రెండేళ్ల పాప, ఇంకా పదిమంది వరకు ఒక ఇంజను పడవలో వశిష్ఠ గోదావరి మీద ఉన్నాము. పడవ మా పెద్దన్నయ్యది. లంకలో బంధువులను చూసి నరసాపురం వైపు రేవుకు తిరిగి వస్తున్నాము. ఏటి నడుమకు రాగానే ఇంజను బరువుగా మూలిగింది. కాలిన వాసన వచ్చింది. అంతే, ఆగిపోయింది. అన్నయ్య హ్యాండిలు వేసి తిప్పబోతే కదలలేదు. ఇంజను పట్టేసింది.

అప్పటికే పాటు మొదలైంది. నీరు పడవను అంతర్వేది మొగ వైపు లాగుతోంది. లంగరు వేస్తే అది బురదలో కొంతదూరం ఈడ్చుకుపోయి, చివరకు ఎక్కడో పట్టుకుంది. చీకటి పడింది. ఆడవాళ్లు ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నారు. వేటకు వెళ్లి వస్తున్న వారెవరో మా లాంతరు చూసి, తాడు వేసి, మమ్మల్ని ఒడ్డుకు చేర్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ రాత్రి దేవుని కాపుదలను మేము కళ్లారా చూశాము.

అయితే ఒడ్డున మేము చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పదిమంది ముందు అన్నయ్యను నిలదీశాము. "ఇంతమంది ప్రాణాలు నీ చేతిలో పెడితే, రెండు లీటర్ల ఆయిలు పోయడానికి డబ్బు చూసుకున్నావా?" అన్నాము. అన్నయ్య తల వంచుకుని, "పొద్దున్నే చూశాను. గీత దాకా ఉంది" అన్నాడు. మేము నమ్మలేదు. గీత దాకా ఆయిలుంటే ఇంజను ఎందుకు పట్టేస్తుంది? ఆ మర్నాడే మాటామంతీ లేకుండా హైదరాబాదు బండి ఎక్కేశాము.

అప్పట్లో మేము పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా దగ్గర అద్దెకు ఉండేవాళ్లము. ఒకప్పటి నగరపు గోడకు ఉన్న ద్వారాలలో ఈనాటికీ నిలిచి ఉన్నవి దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా రెండే. మా సందు చివర ఒక పెద్దాయన డీజిల్ ఇంజన్లు బాగుచేసే చిన్న దుకాణం నడిపేవారు. అందరూ ఆయనను చాచా అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్లము.

జనవరిలో ఒకనాటి ఉదయం అన్నయ్య గోనెసంచితో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. సంచిలో క్రాంకు షాఫ్టు, బుష్షులు, ఆయిలు చూసే గేజీ ఉన్నాయి. అక్కడ చూపిస్తే అందరూ తలా ఒక మాట చెప్పారట. ఇంటికి వచ్చినవాణ్ణి కాదనలేక చాచా దగ్గరకు తీసుకువెళ్లాము గానీ, మా మనసు మెత్తబడలేదు.

చాచా బుష్షులను గుడ్డతో తుడిచి వెలుగులో పెట్టి చూశారు. రెండు సిలిండర్లలో ముందుదాని బుష్షు నల్లగా మాడిపోయింది. వెనకదానిది దాదాపు బాగానే ఉంది. "ఆయిల్ లేకపోతే రెండూ మాడాలి కదా భయ్యా? ఒకటే ఎందుకు మాడింది?" అన్నారు. తరువాత, "పడవలో ఇంజన్ సీదాగా కూర్చుందా, వాలి కూర్చుందా?" అని అడిగారు.

అన్నయ్య చెప్పాడు. ఆ ఇంజను పడవ కోసం చేసినది కాదు. ఒక రైసు మిల్లులో చాలా ఏళ్లు నేల మీద పనిచేసిన పాత ఇంజను. పడవలో ఫ్యాను షాఫ్టు నీటిలోకి దిగాలి కాబట్టి ఇంజను వెనక వైపుకు వాలి ఉంటుంది. గేజీ పెట్టే రంధ్రం కూడా వెనక వైపే ఉంది.

చాచా ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో కొద్దిగా పాత ఆయిలు పోశారు. ఒక చివర గేజీ ముంచి ఎంత తడిసిందో చూపించారు. డబ్బా రెండవ చివరను రెండు వేళ్ల ఎత్తు లేపి మళ్లీ ముంచారు. ఒక్క చుక్క కలపకుండానే గేజీ మీద ఆయిలు గీత దాకా ఎక్కింది. లేపిన వైపు చూస్తే అడుగు కనిపిస్తోంది! అటువంటి పాత ఇంజనులో, కనెక్టింగ్ రాడ్డు అడుగున చెంచాలాంటి ముక్క ఉండి, అది తిరిగినప్పుడల్లా ఛాంబరులోని ఆయిలును పైకి చిమ్ముతుంది. ముందు వైపు చెంచాకు ఆయిలు అందలేదు. అందుకే ఆ బుష్షు మాడింది.

"నీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు, అన్న అబద్ధం చెప్పలేదు" అని చాచా నవ్వారు. "ఈ గీత నేల మీద పెట్టిన గీత. నేల మీద నిజం, నీళ్ల మీద అబద్ధం."

మాకు తల ఎత్తి అన్నయ్య ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు.

ఆనాడు చాచా చెప్పినవి అన్నయ్య మా పాప పలక మీద రాసుకున్నాడు. లంకల్లోనూ పొలాల్లోనూ పాత ఇంజన్లున్న కుటుంబాలకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

ఇంజను ఆగిన వెంటనే ఆయిలు చూడరాదు. పైకి ఎక్కిన ఆయిలు కిందికి దిగడానికి పది నిమిషాలైనా ఆగాలి. గేజీని బయటకు తీసి శుభ్రంగా తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు. పడవను రేవులో ఇసుక మీదకు లాగి ఉంచినప్పుడు చూడకూడదు. నీటిలో, ఎప్పుడూ ఉండే తీరులో తేలుతున్నప్పుడే చూడాలి. ఆయిలు కింది గీతకూ పై గీతకూ మధ్య ఉండాలి. భద్రమని పై గీత దాటించి పోస్తే క్రాంకు దానిని చిలికి నురగ చేస్తుంది, పొగ వస్తుంది, సీళ్ల దగ్గర కారుతుంది. పోయకుండానే మట్టం పెరిగితే సంతోషించకూడదు. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. పలచబడి డీజిల్ వాసన వేస్తే డీజిల్ దిగుతున్నట్టు. ఆ రెండిటిలో ఏది జరిగినా ఇంజను నడపకుండా మెస్త్రీకి చూపించాలి.

ఇక గేజీ మీద నమ్మకం లేనప్పుడు, అది మారిపోయినా, ఇంజను చోటు మారినా, పాత ఆయిలంతా దింపేసి, కంపెనీ చెప్పిన కొలత ప్రకారం లీటరు డబ్బాతో కొలిచి పోసి, ఎక్కడి దాకా తడిసిందో చూసి కొత్త గీత పెట్టుకోవాలి. అయితే వాలు మరీ ఎక్కువైతే గీత ఒక్కటే చాలదు, ముందు వాలు తగ్గించాలి అన్నారు చాచా.

ఆయన గోదావరిని చూడలేదు. ఎంత వెడల్పని అడిగి, మేము చెబితే ఆశ్చర్యపోయారు. ఆయనకు తెలిసిన నీరు మూసీ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న సంగతి ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నారు. "నీళ్ల మీద బతికేవాళ్ల ఇంజన్‌కు నేను తొందర పని చేయను" అని షాఫ్టును నాలుగు రోజులు ఉంచుకున్నారు.

ఆ నాలుగు రోజులూ అన్నయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. మొదటి రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందే మేమిద్దరం ఆయనను క్షమాపణ అడిగాము. "పదిమందిలో నిన్ను అవమానించాము, మమ్మల్ని క్షమించు అన్నయ్యా" అన్నాము. ఆయన పాపను ఒళ్లోకి తీసుకుని, "ఆ రాత్రి నన్ను నేనే నమ్మలేదమ్మా, మీరెలా నమ్ముతారు?" అన్నాడు. ఆ మాటకు మాకు దుఃఖం ఆగలేదు. రోజూ పొద్దున్నే చూసి పోసినవాడు, తానే తప్పు చేశానేమోనని మూడు వారాలు నిద్రలేకుండా గడిపాడన్నమాట.

ఊరికి వెళ్లి అన్నయ్య వడ్రంగి చేత ఇంజను దిమ్మను, షాఫ్టును సరిచేయించి వాలు తగ్గించుకున్నాడు. పడవను నీటిలో ఉంచి, ఆయిలు కొలిచి పోసి చూస్తే, కావలసిన మట్టం పాత గీతకు వేలెడు పైన వచ్చింది. అక్కడ ఆకురాయితో గీత పెట్టాడు. ఆ ఇంజను ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది.

దబీర్‌పురా స్టేషను మీదుగా ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యేనాటికి మేము ఆ ఇల్లు వదిలేశాము. చాచా అప్పటికే లేరు. పడవ అమ్మేసినప్పుడు అన్నయ్య ఆ గేజీని మాకు ఇచ్చాడు. రెండు గీతల ఆ ఇనుప పుల్ల మా ఇంట్లో బైబిలు పెట్టుకునే అలమరలోనే ఉంది. పదిమంది కన్యకల ఉపమానం చదివినప్పుడల్లా మా మనుమలు దానిని తీసుకువచ్చి, "ఇందులో ఏది అసలు గీత?" అని అడుగుతారు. మేము వాళ్లకు ముందు ఆయిలు సంగతి చెప్పము. మీ పెద్దతాతయ్యను మేము నమ్మని రాత్రి సంగతి చెబుతాము.