హార్స్‌లీ కొండ మీద రెండు రాత్రులు



లేవీయకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు పర్ణశాలల పండుగను నియమించిన సంగతి మనకు తెలుసు. ఏడు దినాలు ఇల్లు విడిచి, కొమ్మలతో వేసిన పాకల్లో ఉండాలి. సండే స్కూలులో ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు అది పటంలో బొమ్మగానే ఉండిపోతోంది. అందుకని గత మే నెలలో మా సంఘంలోని పది నుండి పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పద్దెనిమిది మందిని తీసుకొని, టీచర్లం నలుగురం హార్స్‌లీ కొండకు వెళ్ళాము. ఎండాకాలం మిద్దెల మీద పండుకోవడం మన పిల్లలకు కొత్త కాదు. అయితే అమ్మ కేక వినబడనంత దూరంలో, గుడారంలో పండుకోవడం అందరికీ అదే మొదటిసారి.

మదనపల్లె నుండి కొండ ముప్పై కిలోమీటర్ల లోపే. నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె కడప జిల్లాలో ఉన్న రోజుల్లో అక్కడి కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర 1870 ప్రాంతంలో ఈ చల్లదనానికి ముచ్చటపడి కొండ మీద ఇల్లు కట్టుకున్నాడట. అప్పటినుండి కొండకు ఆయన పేరు వచ్చింది. ఈ గాలి గొప్పతనాన్ని మన మిషనరీలు కూడా ఎరుగుదురు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషనులు కలిసి 1915లో క్షయ రోగులకు ఆసుపత్రి తెరిచాయి. డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద. క్షయకు మందు లేని ఆ కాలంలో మంచి గాలి, విశ్రాంతి, తిండి, ప్రార్థన ఇవే వైద్యం. బస్సులో ఈ సంగతి చెబుతుంటే పిల్లలు కిటికీలోంచి తలలు బయట పెట్టి గాలి పీల్చడం మొదలుపెట్టారు. ఘాట్ రోడ్డులో వాళ్ళను లోపలికి లాగడమే మా పని అయ్యింది.

అద్దె గదుల ఆవరణలో అనుమతి తీసుకొని గుడారాలు వేశాము. టార్పాలిన్లు, వెదురు కర్రలు, తాళ్ళు మావే. ఇక్కడ ఒక నియమం పెట్టాము: గుడారాలు ఆడపిల్లలు వేయాలి, వంట మగపిల్లలు చేయాలి. ఆడపిల్లలు గొడ్లను గుంజకు కట్టే ముడినే తాళ్ళకు వేశారు. గాలిబండ మీదినుండి వీచే గాలికి కూడా అది సడలలేదు. మగపిల్లల సంగటి మాత్రం మొదటి రోజు ఉండలు ఉండలుగా తేలింది. రెండో రోజుకు తెడ్డు తిప్పడం తెలిసింది. చెనక్కాయల పచ్చడితో ఆ ముద్దలు తిన్నవారెవరూ ఇంటి కూడును తలచుకోలేదు. మే నెలలో అడవి ఎండి ఉంటుంది గనుక కట్టెల మంట వేయలేదు. చిన్న గ్యాస్ పొయ్యితోనే సరిపెట్టాము.

ఆటల్లో పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగినది 'నా చెట్టు' ఆట. ఒకరికి కళ్ళకు గుడ్డ కట్టి, చేయి పట్టుకొని ఒక చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళాలి. వారు బెరడు తడిమి, వాసన చూసి, చుట్టూ చేతులు వేసి కౌగిలించి గుర్తుపెట్టుకోవాలి. వెనక్కి తెచ్చి గుడ్డ విప్పాక ఆ చెట్టును వెతికి పట్టుకోవాలి. నీలగిరి బెరడు నున్నన, వాసనా సులువు. మిగతావే కష్టం. చీటీల వేట కూడా బాగా సాగింది. 'జక్కయ్య ఎక్కిన చోటు' అంటే చెట్టు, 'దావీదు వాగులో ఏరినవి' అంటే గులకరాళ్ళు, 'మోషే ఎదుట చెప్పులు విడిచినది' అంటే పొద. ఉదయం ఒక్కొక్కరు ఒక్కో చోట పది నిమిషాలు కదలకుండా కూర్చొని, విన్న శబ్దాలన్నీ రాసుకోవడం, ఆ తరువాత 121వ కీర్తన చదవడం. ఒక అబ్బాయి పదకొండు శబ్దాలు రాశాడు. అందులో పన్నెండేళ్ళ తన స్నేహితుని గురక ఒకటి.

ఇక రాత్రి. అమావాస్య దగ్గరి రోజులు చూసి వెళ్ళాము గనుక ఆకాశం నిండుగా ఉంది. యోబు గ్రంథం 9వ అధ్యాయంలో స్వాతి, మృగశీర్షము, కృత్తిక అనే పేర్లు ఉన్నాయి. స్వాతి తూర్పు వైపు ఎత్తుగా కనబడింది. కృత్తిక ఏదని అడిగారు. మేము వెళ్ళింది కృత్తిక కార్తెలోనే. ఆ కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని, కాబట్టి అది పగటిపూట వెలుగులో మునిగి ఉందని చెప్పాము. సేద్యగాళ్ళ పిల్లలు గనుక వెంటనే పట్టుకున్నారు. తరువాత సప్తర్షుల ముందరి రెండు చుక్కలను కలిపి కిందికి గీత లాగి ధ్రువ నక్షత్రం చూపించాము. చేయి చాపి పిడికిలి పట్టి కొలిస్తే, దిగంతం నుండి అది సుమారు ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తు. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ ఎత్తు పెరుగుతుంది. ఢిల్లీలో దాదాపు మూడు.

మా పిల్లల్లో పదకొండేళ్ళ పాప ఒకతె ఉంది. తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళి నాలుగేళ్ళయింది. అవ్వ దగ్గర పెరుగుతోంది. ఆ అవ్వ పంపనంటే పంపనన్నది. "బిడ్డను నా చేతిలో పెట్టి పోయింది అమ్మా, ఏమన్నా అయితే దానికి నేనేం జవాబు చెప్పాల?" అని అడిగితే మా దగ్గర సమాధానం లేదు. పాస్టరమ్మగారు రెండుసార్లు ఇంటికి వెళ్ళి, ప్రార్థన చేసి, తానూ వస్తానని మాట ఇచ్చాకే ఒప్పుకుంది.

ఆ రాత్రి సెల్‌ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి ఉంచాము. అందరూ నవ్వుతుంటే ఆ పాప గుడారం బయట మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చుంది. రోజూ తొమ్మిదింటికి వాళ్ళమ్మ ఫోను చేస్తుందట. నియమం పక్కన పెట్టి ఫోను ఇచ్చాము.

"టీచర్, కువైట్ ఏ పక్క?" అని అడిగింది. ధ్రువ నక్షత్రానికి ఎడమగా, పడమరకు ఉత్తరానికి మధ్యన చేయి చూపించాము. మనకు తొమ్మిదైతే అక్కడ ఆరున్నర, ఇప్పుడే పొద్దు గూకుతూ ఉంటుంది. అక్కడ ధ్రువ నక్షత్రం మూడు పిడికిళ్ళ ఎత్తులో ఉంటుందని చెప్పగానే పాప ఫోనులో తల్లికి పిడికిలి కొలత నేర్పడం మొదలుపెట్టింది. "పని అయినాక మిద్దె మీదికి పోయి చూస్తా" అన్నది తల్లి. పాప వెళ్ళి పండుకుంది.

తెల్లవారి ఫోను తీస్తే తల్లి మాట రికార్డు చేసి పంపి ఉంది. "చూసినా బుజ్జీ, మూడే." ఊరు చేరేసరికి ఆ పాప ఎంతమందికి వినిపించిందో లెక్కలేదు. ఆ సాయంత్రం అవ్వ కూడా వాకిట్లో చేయి చాపి నిలబడింది.

వెళ్ళదలచిన సంఘాలకు ఒకటి రెండు మాటలు. మే నెలలోనైనా రాత్రి దుప్పటి కావాలి. మనిషికొక టార్చి ఉండాలి. ఉదయం చెప్పులు, బూట్లు దులిపి తొడగాలి. ఉరుము వినబడితే చెట్ల కిందినుండి, గుడారాలనుండి గదుల్లోకి రావాలి. గదుల్లో కొన్నైనా ముందుగా అడిగి పెట్టుకోండి. తల్లిదండ్రుల అనుమతి పత్రం రాయించుకోండి. రాత లేని అవ్వలున్న ఇళ్ళకు మాత్రం ఎవరైనా నడిచి వెళ్ళి మాట్లాడాలి.