చుట్టాలొస్తారా?

అరకు కొండల నుంచి విశాఖపట్నం డిగ్రీ చదువుకు దిగిన ఆడపిల్లలం, మేము ముగ్గురం. హాస్టల్లో సీట్లు నిండిపోయాయన్నారు. గది కోసం మద్దిలపాలెం సందులన్నీ తిరిగాం. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతుంటుంది. తలుపు తడితే మొదట ఏ కాలేజీ అని అడుగుతారు. తర్వాత ఏ ఊరు అంటారు. ఆ తర్వాత ఇంటిపేరు. కిల్లో, పాంగి, కొర్రా, వంతాల అన్న పేర్లు చెవిన పడగానే మేమెవరిమో తెలిసిపోతుంది. "అయ్యో, గది నిన్ననే ఇచ్చేశామమ్మా" అంటారు. నాలుగు రోజుల తర్వాత అదే వీధిలో నడిస్తే బోర్డు అక్కడే ఉంటుంది.

మా ఊళ్ళో ఎవరైనా ఇల్లు కట్టుకుంటే ఊరంతా చెయ్యేస్తుంది. కర్ర మోసేవాళ్ళు మోస్తారు, మట్టి తొక్కేవాళ్ళు తొక్కుతారు. ఆ పూట కూడు ఆ ఇంట్లోనే. అందుకే అద్దె సంగతి చెప్పినప్పుడు మాలో ఒకరి అమ్మ "ఉన్నందుకు కూడా డబ్బులా?" అని ఆశ్చర్యపోయింది. అప్పుడు నవ్వుకున్నాం. అడ్వాన్సు ఎంతో తెలిశాక నవ్వు పోయింది.

చివరికి ఒకచోట ఇంటిపేరు మార్చి చెప్పి గది తీసుకున్నాం. అద్దె 4,500, అడ్వాన్సు 9,000. అబద్ధం చెప్పి చేరిన ఇంట్లో నిద్ర సరిగ్గా పట్టదు. ఇంటికి ఫోను చేసి మా భాషలో మాట్లాడాలంటే మేడ మీదికి వెళ్ళేవాళ్ళం. ఇటుకల పండక్కి ఊరెళ్తూ పెళ్ళికి వెళ్తున్నామని చెప్పాం. మనల్ని మనమే దాచుకుని బతకడం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. 2020లో వసతి దీవెన పథకం వచ్చింది. ఐటీఐ వాళ్ళకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్ వాళ్ళకు 15,000, డిగ్రీ వాళ్ళకు 20,000 రూపాయలు, రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేస్తామన్నారు. ఆ డబ్బు మాకు ఎంతో ఆసరా అయింది, కాదనం. కానీ 20,000ను 12 నెలలకు పంచితే నెలకు 1,666 రూపాయలు. అద్దెలో ఒక్కొక్కరి వంతు 1,500. మిగిలిన 166 రూపాయలతో నెలంతా తినాలి. పైగా ఇంటివాళ్ళు ప్రతి నెలా అయిదో తేదీకల్లా అడుగుతారు. విడత వచ్చేదాకా వాళ్ళు ఆగరు. అందుకే మాలో ఇద్దరం సాయంత్రాలు బట్టల కొట్లో పనికి కుదిరాం.

అసలు చిక్కు డబ్బుతో రాలేదు, చుట్టాలతో వచ్చింది. కొండ మీద ఎవరికి జబ్బు ముదిరినా కేజీహెచ్‌కి తీసుకొస్తారు. రోగితో పాటు ఇద్దరు ముగ్గురు వస్తారు. వాళ్ళు వంట చేసుకోవాలి, స్నానం చేయాలి, ఒక పూట నడుం వాల్చాలి. పట్నంలో వాళ్ళకున్న ఇల్లు మా గది ఒక్కటే. ఒకసారి కాన్పు కష్టమైన అక్కతో బావ, మామ వచ్చారు. అయిదు రోజులున్నారు. మామ వరండాలో పడుకున్నాడు. ఆరో రోజు ఇంటాయన మమ్మల్ని పిలిచాడు. "ఆడపిల్లలని ఇచ్చాను. మగోళ్ళు వస్తున్నారు, నీళ్ళు చాలట్లేదు. వాళ్ళ మాట వింటే మీరేటోళ్ళో కూడా తెలిసిపోయింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి" అన్నాడు. అడ్వాన్సులో సున్నానికని 2,000 పట్టుకున్నాడు. కాగితం ఏమీ రాసుకోలేదు గనక గట్టిగా అడగలేకపోయాం.

ఆ రాత్రి ముగ్గురం వాదులాడుకున్నాం. ఇక మీదట ఎవరినీ రానివ్వొద్దని ఒకరం అన్నాం. రానివ్వకపోతే ఆ అక్క ఎక్కడుండేదని ఇంకొకరం అన్నాం. తెల్లారేసరికి ఒక మాట మీదికి వచ్చాం. ఇంటిపేరు దాచం, చుట్టాలనూ దాచం. ముందే చెప్పేసి, ఒప్పుకున్న ఇంట్లోనే చేరదాం అనుకున్నాం.

పదకొండు ఇళ్ళు కాదన్నాయి. పన్నెండోది అరిలోవలో. ఆ మామ్మగారు ఒక్కరే ఉంటారు. మేము చెప్పిందంతా విని, "చుట్టాలొస్తారా? నెలకి ఎన్నిసార్లు?" అని అడిగారు. ఒకటి రెండు సార్లన్నాం. "అయితే నీళ్ళకి 300 ఎక్కువివ్వండి. వరండాలో చాప వేసుకోనీండి" అన్నారు. అంతే. ఇంటిపేరు అసలు అడగలేదు. మేమే చెప్పాం.

అక్కడే ఒక పని మొదలుపెట్టాం. పట్నంలో చదివే, పనిచేసే మా వైపు పిల్లలం తొమ్మండుగురం నెలకు తలా 200 వేస్తున్నాం. నెలకు 1,800. కొత్తగా దిగిన వాళ్ళకు అడ్వాన్సు అందులోంచి ఇస్తాం. వాళ్ళు నెలనెలా కొంచెంగా తీరుస్తారు. ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ వీధిలో మనవాళ్ళకు ఇల్లిస్తారు, కరెంటు మీటరు వేరుగా ఉందా, నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి, చుట్టాలకు ఒప్పుకుంటారా అన్నీ అందులో రాసుంటాయి.

ప్రభుత్వం ఇళ్ళ గురించి ఆలోచించడం లేదని అనం. ఆదిమ గిరిజన తెగలకు 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఊళ్ళో పక్కా ఇల్లు ఇస్తామన్నారు. కానీ చదువూ ఆసుపత్రీ పట్నంలో ఉన్నాయి. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఇళ్ళకు పోయాక, 2020 జూలైలో కేంద్రం పట్నాల్లో తక్కువ అద్దె ఇళ్ళ పథకానికి ఒప్పుకుంది. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ రెండో దశలోనూ అద్దె ఇళ్ళకు ఒక భాగం పెట్టారు. అంటే అద్దె ఇల్లు కూడా ప్రభుత్వం చూడాల్సిన పనేనని ఒప్పుకున్నట్టే. మా పిల్లలకూ, ఆసుపత్రికి వచ్చే మావాళ్ళకూ అందులో చోటు కావాలని అడగడం మన వంతు.

మాష్టార్లకు ఒక మనవి. ఇంటర్ అయిన పిల్లల్ని పట్నం పంపేటప్పుడు సీటు గురించి చెప్పినట్టే గది గురించీ చెప్పండి. అడ్వాన్సు ఇస్తే కాగితం రాయించుకోమనండి. అద్దె ఫోను ద్వారా కట్టి, ఆ రుజువు దాచుకోమనండి. చేరిన రోజే గోడలు ఫోటో తీసుకోమనండి. హాస్టలు దరఖాస్తు తేదీ దాటనివ్వకండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఇంటిపేరు మార్చుకోకండి. మొన్న నోటుబుక్కులో పద్నాలుగో ఇల్లు రాశాం. చుట్టాలొస్తారా అన్న గడిలో "రావచ్చు" అని ఉంది.