కుడివైపు సీటు

మస్కట్ నగరంలో ఇరవై మూడేళ్లు ఉద్యోగం చేసి, 2023లో స్వదేశానికి తిరిగి రాదలచిన ఒక ఇంజనీరు, వెంట తీసుకుపోవలసిన సామాను జాబితా వ్రాసుకున్నాడు. రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు, ఇత్తడి పాత్రలు, కుట్టుమిషను, గోడ గడియారం. అన్నింటికంటె చివర ఒకే మాట: కారు.

మిత్రులు నవ్వారు. పదకొండేళ్ల పాతబండిని ఓడ ఎక్కించి ఏలూరుకు తెచ్చుకునే వివేకవంతుడెవడు? ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ కారులో చెప్పుకోదగిన విశేషమేమీ లేదు. 2012లో కొన్నది. ఎండకు పైరంగు వెలసింది. ఒమాన్ దేశంలో వాహనాలు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. అందువల్ల స్టీరింగు ఎడమవైపున, పక్కన కూర్చునేవారి స్థానం కుడివైపున ఉంటాయి. ఆ కుడివైపు సీటులో ఏడేళ్లపాటు ఆయన భార్య కూర్చున్నది. శుక్రవారాలు శివాలయానికి వెళ్లినా, వెయ్యి కిలోమీటర్ల ఎడారి బాట దాటి సలాలా వానలు చూడబోయినా, జంతికల డబ్బా ఒడిలో పెట్టుకుని ఆమె అక్కడే కూర్చునేది. 2019లో వ్యాధి ముదిరి, ఆసుపత్రికి వెళ్లిన చివరిసారి కూడా అక్కడే కూర్చున్నది. ఆ వైపు తలుపు అరలో ఆమె తలపిన్ను ఒకటి అలాగే ఉండిపోయింది.

ఆయన మొదట భారతదేశపు నిబంధనలు తెప్పించుకుని చదివాడు. స్వతహాగా ఇంజనీరు గనుక, చదివినది కాగితంమీద వరుసగా వ్రాసుకున్నాడు.

మొదటి అడ్డంకి ఒక నిర్వచనంలోనే ఉన్నది. 1962 నాటి కస్టమ్స్ చట్టం రెండవ సెక్షనులో ‘బాగేజి’ అన్న మాటకు అర్థం చెబుతూ, అందులో మోటారు వాహనాలు చేరవని స్పష్టం చేసింది. విదేశంలో కాపురం ఎత్తివేసి వచ్చే మనిషి తన మంచాన్ని, కుట్టుమిషనును సామానుగా తెచ్చుకోవచ్చు. కారు మాత్రం సామాను కాదు, అది దిగుమతి. దానికి వేరే నిబంధనలు, వేరే సుంకాలు. సుంకాలన్నీ కలిపితే అవి కారు విలువనే మించిపోతాయి.

రెండవది, వాడిన కారు తయారై మూడేళ్లు దాటి ఉండరాదు. స్టీరింగు కుడివైపునే ఉండవలెను. వేగం కిలోమీటర్లలో చూపవలెను. హెడ్‌లైట్ల కాంతి ఎడమపక్కన నడిచే రాకపోకలకు అనువుగా పడవలెను. మరి అయిదేళ్లపాటు రోడ్డుమీద నడవగల స్థితిలో ఉన్నదని రుజువు కావలెను. ఓడ ఎక్కించక పూర్వమే అక్కడి పరీక్షాసంస్థ ధ్రువపత్రం, దిగిన తరువాత ఇక్కడి సంస్థ పరీక్ష. ప్రవేశద్వారం ముంబయి రేవు ఒక్కటే.

వయస్సు వద్ద ఒకసారి, స్టీరింగు వద్ద మరొకసారి ఆయన కారు ఆగిపోయింది. వయస్సును ఎవరూ తగ్గించలేరు. అయినా మనస్సు రెండవ అడ్డంకి చుట్టూనే తిరిగింది. స్టీరింగు మార్పించవచ్చునేమో!

తెలిసిన మెకానిక్కును అడిగాడు. అతడు కారు ముందుభాగం విప్పి చూపుతూ ఓపికగా వివరించాడు. స్టీరింగు చక్రం ఒక్కదానిని జరిపితే సరిపోదు. దాని కింది యంత్రభాగం, మూడు పెడళ్లు, బ్రేకుల అమరిక, డాష్‌బోర్డు, ఎయిర్‌బ్యాగులు, వైపర్లు తిరిగే తీరు, అన్నీ అద్దంలో ప్రతిబింబంలా తారుమారు కావలెను. హెడ్‌లైట్లదీ అదే కథ. కుడిపక్కన నడిచే దేశానికి చేసిన దీపం కిందిచూపులో ఉన్నప్పుడు కూడా రోడ్డు కుడి అంచును చూపడానికి ఆ వైపు కాస్త పైకి కాంతి విసురుతుంది. అదే దీపాన్ని మనదేశంలో వెలిగిస్తే ఆ కాంతి ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడుతుంది. ఇంత మార్చిన తరువాత కూడా తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చరాదంటూ మన 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఎదురు నిలుస్తుంది.

“అన్నీ మార్చవచ్చు సార్, కాని అప్పుడిది ఈ కారు కాదు,” అన్నాడు మెకానిక్కు.

రోడ్డుకు ఏ పక్కన నడవాలన్నది ప్రకృతి నియమం కాదు. దేశాలు చేసుకున్న ఏర్పాటు. 1967 సెప్టెంబరు 3న స్వీడన్ దేశం ఒక్కరోజులో ఎడమనుంచి కుడికి మారింది. 2009లో సమోవా ద్వీపదేశం కుడినుంచి ఎడమకు మారింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలోని బంధువులు తమ పాత కార్లను పంపుకునేందుకు వీలు కలగాలన్నది అందుకు ఒక ముఖ్య కారణం. మన పొరుగున ఉన్న బర్మా 1970లో కుడిపక్కకు మారినా, జపానునుంచి వచ్చిన కుడిస్టీరింగు బళ్లే దశాబ్దాల తరబడి అక్కడ తిరిగాయి. బస్సు దిగే మనిషి కాలిబాటమీద గాక నడిరోడ్డుమీద కాలు పెట్టవలసి వచ్చేది. ఇవన్నీ చదివినప్పుడు ఆయనకు ఒకే ఆలోచన: దేశాలకు దేశాలే మారగా ఒక్క కారుకు మినహాయింపు దొరకదా?

ఆ సంవత్సరమే సెలవుమీద ఊరికి వచ్చాడు. బావమరిది తన కారులో జంగారెడ్డిగూడెం వైపు తీసుకుపోతున్నాడు. ఆయన ఎడమవైపు సీటులో కూర్చున్నాడు. రోడ్డు సన్ననిది. ముందు గడ్డిలోడు ట్రాక్టరు నింపాదిగా సాగుతున్నది. బావమరిది కుడికి కొద్దిగా ఒరిగి ఎదర చూశాడు, దారి ఖాళీగా ఉన్నది, దాటిపోయాడు. ఆయనకు మాత్రం ఆ క్షణం వరకు గడ్డిమోపులు తప్ప మరేమీ కనిపించలేదు. మస్కట్ కారును తెచ్చుకుంటే తాను కూర్చోవలసిన చోటు సరిగ్గా అదే.

మరి కొంతదూరం పోయాక మరో లోడు అడ్డం వచ్చింది. “బావగారూ, మీకేమైనా కనిపిస్తోందా?” అని బావమరిది వేళాకోళంగా అడిగాడు. ఆయన సమాధానం చెప్పలేదు. ఎదురుగా వచ్చే మోటారు సైకిలుమీద ఎవరింటి బిడ్డలు ఉంటారో! తన జ్ఞాపకాన్ని మోసుకు తిరిగే హక్కు తనకున్నది గాని, దాని భారం వారిమీద మోపే హక్కు తనకు లేదు.

ఆ రాత్రి మరొక సంగతి కూడా తోచింది. స్టీరింగును కుడివైపుకు మార్పిస్తే, ఇక ఆ కుడివైపు సీటు డ్రైవరుదవుతుంది. ఆమె కూర్చున్న చోట తానే కూర్చోవలసి వస్తుంది. దేనిని కాపాడుకుందామని ఇంత తాపత్రయపడ్డాడో, ఆ మార్పుతో మొదట పోయేది అదే.

మస్కట్‌కు తిరిగి వెళ్లి కారును అమ్మివేశాడు. కొన్నవాడు కరీంనగర్ నుంచి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన యువకుడు. భార్యను అప్పుడే తీసుకువచ్చాడు. ధర దగ్గర బేరమాడలేదు. తాళాలు అందించే ముందు ఆయన తలుపు అరలోని తలపిన్నును తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ అమ్మాయి సంకోచిస్తూనే కుడివైపు సీటులో కూర్చున్నది. “సీటు ముందుకు జరుపుకో అమ్మా, కాళ్లకు హాయిగా ఉంటుంది,” అన్నాడు. నాలుగేళ్లుగా దానిని ఎవరూ జరపలేదు.

ఇప్పుడు ఏలూరులో ఆయనకు ఒక చిన్న కారు ఉన్నది. మొదటి నెలలలో మలుపు తిరగబోతూ ఎడమచేతితో మీట నొక్కితే, దీపానికి బదులు ఎండలో వైపర్లు ఆడేవి. మనుమడు పకపక నవ్వేవాడు. ఆ అలవాటు పోయింది. మరొకటి పోలేదు. ఏదో ఆలోచనలో ఉన్నప్పుడు కారు ఎడమవైపు తలుపు తెరిచి కూర్చోబోతాడు. అక్కడ స్టీరింగు ఉండదు. ఖాళీ సీటు ఉంటుంది. ఒక్క నిమిషం నిలబడి, ఎవరో లోపల కూర్చున్నట్లే తలుపును మెల్లగా మూసి, చుట్టూ తిరిగి తన చోటుకు వెళతాడు.