లిఫ్టు ఉంది - తొమ్మిది మెట్లు ఎక్కాక

ఇల్లు రోజువారీ అద్దెకిచ్చే వాళ్ళకి డాక్టరు చెప్పే సలహా ఏముంటుందని మీలో కొందరికి అనుమానం రావచ్చు. అద్దె సంగతి ప్లీడర్లు చెప్పాలి, గోడల సంగతి మేస్త్రీలు చెప్పాలి, మధ్యలో ఈయనెందుకు? ఎందుకంటే, మీరు ప్రకటనలో రాసే ఆ నాలుగు ముక్కల్నీ నమ్ముకుని దిగేవాళ్ళలో చాలామంది నాబోటివాళ్ళ ఆస్పత్రుల నుంచి వస్తున్నవాళ్ళే. వాళ్ళలో కొందరు రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ మా దగ్గరికే వస్తున్నారు.

వేలూరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1900లో ఐడా స్కడర్ అనే ఆవిడ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అక్కడ ఇవాళ ఎంత పెద్దదైందో! చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి జబ్బు మనిషిని వెంటబెట్టుకుని బయల్దేరేవాళ్ళు ఆ ఊళ్ళో ఒక గదీ, ఒక స్టవ్వూ అద్దెకు తీసుకుని వారాల తరబడి ఉండిపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు హైదరాబాదులోనూ, విశాఖలోనూ పెద్దాస్పత్రులున్న పేటలన్నిటా అదే వ్యవహారం. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఫ్లాటు ఖాళీగా ఉంది, రోజుకింత అని ఇచ్చేద్దాం అనుకుని మీరు ఫోనులో ఓ ప్రకటన పెడతారు. "లిఫ్టు, ఏసీ, గీజరు, ఫ్రిజ్, పవర్ బ్యాకప్, వెస్టర్న్ టాయిలెట్, వంటగది." తప్పు లేదు, అన్నీ ఉన్నవే. అబద్ధమాడారని ఎవరూ అనలేరు. కాని "ఉంది" అన్న మాట ఆరోగ్యవంతుడికి ఒకలాగా, రోగికి ఇంకొకలాగా వినిపిస్తుంది. ఆ సంగతే ఇవాళ మీతో చెబుదామని.

ముందు లిఫ్టు. మోకీలు మార్పిడి చేయించుకున్న ఒక రిటైర్డు మాస్టారు ఆస్పత్రి నుంచి విడుదలై, కుట్లు తీసేదాకా ఊళ్ళోనే ఉండాలని కొడుకు చేత ఒక ఫ్లాటు తీయించారు. ప్రకటనలో లిఫ్టు ఉందని చూసే తీశారు. నిజంగానే ఉంది. అయితే కింద కార్లు పెట్టుకోడానికి చోటు వదిలి కట్టిన భవనం అది. వీధి నుంచి లిఫ్టు తలుపు దాకా తొమ్మిది మెట్లు. పట్టుకోడానికి కమ్మీ లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయనకి మెట్ల పాఠం చెప్పే ఉంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు అని. కాని ఆ పాఠం చెప్పింది నాలుగు మెట్ల మీద, రెండు పక్కలా కమ్మీ ఉన్నచోట. మాస్టారు ఆరో మెట్టు మీద తూలారు. కొడుకు పట్టుకున్నాడు గాని, మోకాలు వంగకూడనంతగా వంగి కుట్లు రెండు విడిపోయాయి. ఎముకకి ఏమీ కాలేదు. పది రోజుల్లో తేలవలసిన గాయం నెల దాటింది, అంతే. ఆ నెల రోజుల ఖర్చు, ఆ ఇంటావిడ పడిన హైరానా మాత్రం "అంతే" అనడానికి వీల్లేదు.

ఆ ఫ్లాటు యజమాని మోసగాడని నేననను. ఆయన రోజూ ఆ మెట్లెక్కే ఇంటికి వెళ్తాడు. రోజూ ఎక్కే మెట్లు కంటికి కనిపించవు. అంచేత ప్రకటన రాసేముందు ఒక్క పని చెయ్యండి. వీధి గేటు దగ్గర నిలబడి, మంచం దాకా నడుస్తూ, ప్రతి మెట్టూ ప్రతి గడపా పైకి లెక్కపెట్టండి. "లిఫ్టు ఉంది. లిఫ్టుకి ముందు తొమ్మిది మెట్లు, కమ్మీ లేదు. వంటింటికీ హాలుకీ మధ్య ఒక గడప" అని రాయండి. వాలుబాట ఉంటే అది ఎంత ఏటవాలుగా ఉందో చూడండి. చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలని ప్రమాణం. స్కూటరు ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలు చక్రాల కుర్చీకి వాలుబాట కాదు సుమండీ! దాని మీద ముసలాయన్ని తోసుకువెళ్ళడమంటే తోసేవాడి నడుముకీ, కూర్చున్నవాడి గుండెకీ కూడా పరీక్షే.

ఇక బాత్‌రూం. నన్నడిగితే ప్రకటనలో సగం ఇక్కడే ఖర్చు పెట్టాలంటాను. "వెస్టర్న్" అన్న ఒక్క మాట చాలదు. తుంటికీలు మార్పించుకున్నవాళ్ళని కొన్ని వారాలపాటు, మోకాళ్ళు తుంటి కన్నా పైకి లేచేటంత పల్లపు సీటు మీద కూర్చోవద్దని చెబుతాం. పదిహేనంగుళాల సీటుకీ పద్ధెనిమిదంగుళాల సీటుకీ వాళ్ళకి ఉన్న తేడా మీకూ నాకూ తెలియదు. టేపు పెట్టి కొలిచి ఆ అంకె రాస్తే పోయేదేముంది? బాత్‌రూం నేల గదికన్నా ఎంత కిందికి ఉంది, టైల్సు నున్నటివా గరుకువా, గోడకి పట్టుకునే కమ్మీ ఉందా - టవలు వేసుకునే కమ్మీ లెక్కలోకి రాదు, మనిషి బరువుకి అది గోడలోంచి ఊడి చేతికొస్తుంది. తలుపు వెడల్పు కూడా చూడండి. మన ఇళ్ళలో చాలాచోట్ల బాత్‌రూం తలుపు రెండున్నర అడుగులే, చట్రం పోను మిగిలేది ఇంకా తక్కువ. మామూలు చక్రాల కుర్చీ వెడల్పే రెండడుగులు దాటుతుంది.

గీజరు దగ్గర కాస్త ఆగుదాం. "వేడినీళ్ళు ఉన్నాయి" అని రాసి ఊరుకుంటారు చాలామంది. ఆ వేడినీళ్ళు కరెంటుతో వస్తాయా, గ్యాసుతో వస్తాయా అన్నది ప్రాణం మీది విషయం. గ్యాసు గీజరు మండడానికి గాలి కావాలి. కిటికీ మూసిన చిన్న బాత్‌రూంలో ఉన్న గాలి కాస్తా తరిగిపోయాక, గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ప్రాణవాయువు కన్నా రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, కాళ్ళు తేలిపోవడం - స్నానం చేసే మనిషి ఇది నీరసమనుకుంటాడు. గడియ తీద్దామనుకునేలోపు కూలబడతాడు. చలికాలంలో ఇలాంటి చావుల వార్తలు మీరు పేపర్లలో చూసే ఉంటారు. మీ ఇంట్లో గ్యాసు గీజరు బాత్‌రూం లోపల ఉంటే, దయచేసి ప్రకటన మాట తరవాత, ముందు దాన్ని గాలి ఆడే చోటికి, అంటే బయట బాల్కనీలోకి మార్పించండి. ఇన్నేళ్ళుగా మాకేమీ కాలేదు అంటారేమో. మీకు ఆ కిటికీ తెరిచే అలవాటుంది. కొత్తగా వచ్చినవాడు చలి అని మూసేస్తాడు.

కరెంటు గీజరుతో ఆ భయం లేదు గాని, దానికి వేరే గొడవ ఉంది. అరవై డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. చాలాకాలంగా మధుమేహం ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. కాలు కాలుతున్నా తెలీదు, బొబ్బ లేచాకగాని చూసుకోరు. ఏ పంపు వేడిదో, ఏది చన్నీళ్ళదో గుర్తు పెట్టి ఉంచడం, గీజరులో వేడి తగ్గించుకునే మీట ఎక్కడుందో చెప్పడం - ఇది కూడా సౌకర్యం కిందే లెక్క.

"ఫ్రిజ్ ఉంది" అంటారు. ఇన్సులిను తెరవని సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందా, ఇక ఆ మందు పారేయవలసిందే. కొన్ని గదుల్లో బయటికి వెళ్తూ తాళం కార్డు తీయగానే గదిలో కరెంటంతా పోతుంది, దాంతోపాటు ఫ్రిజ్ కూడా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆస్పత్రిలో కూర్చుని వచ్చేవాళ్ళ ఇన్సులిను సంగతి ఏమవుతుందో ఆలోచించండి. అలాగే "పవర్ బ్యాకప్". మన ఇళ్ళలో ఇన్వర్టరు సాధారణంగా ఫాన్లకీ దీపాలకే. ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని పడుకునే మనిషికి ఫాను తిరిగితే ఏం లాభం? "ఇన్వర్టరు మీద మంచం పక్క ప్లగ్గు పని చెయ్యదు" అని రాస్తే, వాళ్ళు సిలిండరైనా వెంట తెచ్చుకుంటారు.

వంటగది అంటే మన ఆడవాళ్ళకి కళ్ళముందు గ్యాసు పొయ్యి కనపడుతుంది. తీరా వస్తే ఇండక్షను పొయ్యి, ఒక కెటిలూ. ఇంటి నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు. ఉప్పులేని కూడు వండిపెట్టాలని అంత దూరం నుంచి సరంజామాతో వచ్చినావిడ చివరికి హోటలు సాంబారు తెప్పిస్తుంది. ఇంకో మాట. గుండెకి పేస్‌మేకరు పెట్టించుకున్నవాళ్ళు మండుతున్న ఇండక్షను పొయ్యికి రెండడుగుల దూరంలో ఉండటం మంచిది. కనక ఏ పొయ్యో రాయాలి.

ఉబ్బసం వాళ్ళ కోసం కూడా రెండు మాటలు: ఈ నెలలో రంగులు వేయించారా, ఇంట్లో కుక్కో పిల్లో తిరుగుతుందా, ఏసీ జాలీ ఎప్పుడు కడిగారు, బాల్కనీలో పావురాలు గూళ్ళు పెట్టాయా. బీరువాల్లో, వాష్‌బేసిన్లలో కలరా ఉండలు వెయ్యడం మనకి శుభ్రతకి గుర్తు. కాని పసిబిడ్డలున్నవాళ్ళు దిగుతున్నారంటే ముందే తీసేసి, తలుపులు బార్లా తెరిచిపెట్టండి. జీ-6-పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకి ఆ ఆవిరితో రక్తకణాలు విరిగి కామెర్లు ముదరగలవు. ఆ లోపం ఉందని తల్లికి కూడా చాలాసార్లు తెలిసి ఉండదు.

"ఇవన్నీ రాస్తే ఇక మా ఇంటికెవరొస్తారండీ?" అని ఒకాయన నన్నే నిలదీశారు. సరిపడేవాళ్ళు వస్తారు. తొమ్మిది మెట్లున్నాయని రాస్తే మోకాళ్ళ నొప్పులవాళ్ళు రారు. కంటి ఆపరేషనుకి వచ్చినవాళ్ళు, ఉద్యోగ పరీక్షకి వచ్చినవాళ్ళు వస్తారు. ప్రపంచమంతా పాకిన ఎయిర్‌బీఎన్‌బీ వ్యాపారం ఎలా మొదలైందో తెలుసా? 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టుకోలేని ఇద్దరు కుర్రాళ్ళు హాల్లో గాలి పరుపులు వేసి, పొద్దున్నే ఫలహారం పెట్టి, మూడు మనుషులకి చోటిచ్చారు. గాలి పరుపు అన్న సంగతి దాచలేదు సరిగదా, దాన్నే పేరులో పెట్టుకున్నారు! మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా ముఖ్యమైన సంగతిని కావాలని దాచిపెట్టడాన్ని తప్పుదారి పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. చట్టం మాట అటుంచి, "ఆస్పత్రికి అయిదు నిమిషాలు" అని రాసేవాళ్ళ మీద మాత్రం నాకు కొంచెం కోపమే. ఎవరి నడకన అయిదు నిమిషాలు? ఆదివారం ఉదయం స్కూటరు మీదనా? ఎన్ని కిలోమీటర్లో, రాత్రిపూట ఆటో దొరుకుతుందో లేదో రాయండి.

అద్దెకి దిగబోయే వాళ్ళకి కూడా ఒక మాట. "మెట్లున్నాయా?" అని ఫోనులో అడక్కండి, "పెద్దగా లేవండీ" అంటారు. "గేటు నుంచి మంచం దాకా ఎన్ని?" అని అడగండి. మీ రోగి సంగతి సిగ్గుపడకుండా చెప్పండి: నాన్నగారికి ఫలానా ఆపరేషనైంది, రాత్రి ఆక్సిజన్ పెడతాం, పాప నెల పిల్ల అని. కమోడు పక్కన ఒక బక్కెట్టు పెట్టి ఫోటో తీసి పంపమనండి, ఎత్తు మీకే అర్థమవుతుంది. దిగిన రోజున సామాను విప్పేముందే గీజరు ఏదో చూడండి. గ్యాసుదై, బాత్‌రూం లోపలే ఉంటే దాని జోలికి పోకండి. వేడినీళ్ళు వంటింట్లో కాచుకుని తెచ్చుకోండి. గత్యంతరం లేక వాడవలసి వస్తే తలుపూ కిటికీ తీసిపెట్టి బక్కెట్లు నింపి, గీజరు కట్టేసి, గాలి మారాకే లోపలికి వెళ్ళండి. పెద్దవాళ్ళెవరైనా స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టవద్దని చెప్పి, బయట ఒకరు కూర్చోండి.